భూతద్దంతో వచ్చే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు: 'ఈవెంట్' అనే మాటతో ఒక పరీక్ష

పిల్లలు పోటీ పరీక్షలకు చదువుతున్నారు, ఇంట్లో ఒక మంచి ఇంగ్లీషు నిఘంటువు ఉంటే బాగుంటుంది అనుకునేవారు ఈ సమీక్ష చదవనక్కర లేదు. విద్యార్థుల కోసం అదే ఆక్స్‌ఫర్డ్ వారు వేసే ఒక్క సంపుటం కొనుక్కుంటే చాలు. నేను రాస్తున్నది 1971లో వచ్చిన కాంపాక్ట్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ గురించి. రెండు బరువైన సంపుటాలు, వాటికొక పెట్టె, పెట్టె పైభాగంలో చిన్న సొరుగు, ఆ సొరుగులో ఒక భూతద్దం. అద్దం పెట్టకుండా చూస్తే పుట మీద చీమలు బారులు తీరినట్టు ఉంటుందే తప్ప అక్షరాలని అనిపించదు.

1884లో మొదటి భాగం అచ్చయి, 1928లో పూర్తయిన మహానిఘంటువు ఇది. 1933లో అనుబంధంతో కలిపి పదమూడు సంపుటాలుగా మళ్ళీ వేశారు. ఆ పదమూడింటినీ ఫోటో తీసి కుదించి, పాతవి నాలుగు పుటలు కొత్త పుట ఒక్కదానిలో ఇమిడేటట్లు అచ్చు వేస్తే వచ్చినదే ఈ రెండు సంపుటాల సెట్టు. ఒక్క అక్షరం కూడా తీసెయ్యలేదు. అమెరికాలో ఒక పుస్తకాల క్లబ్బు కొత్త సభ్యులను ఆకర్షించడానికి దీన్ని నామమాత్రపు ధరకు ఇచ్చేది. అందుకే ఇప్పటికీ పాత పుస్తకాల మార్కెట్లో ఇది కనిపిస్తూ ఉంటుంది. నాకు ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది.

"ఇంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారమ్మా, మీలాంటివాళ్ళు తప్ప" అన్నాడు దుకాణం అబ్బాయి, పొగుడుతున్నాననుకుని.

"చదివేవాళ్ళు లేరని నువ్వే అంటున్నావు కదా నాయనా, మరి ధర అంత చెబుతావేం?" అన్నాను.

మూడువేలు చెప్పినవాడు రెండువేలకు దిగాడు. అద్దం సొరుగులోనే ఉంది, గీతలు కూడా పడలేదు. అది లేకపోతే వెయ్యికి మించి ఇచ్చేదాన్ని కాదు.

నేను సివిల్ కేసులు చూసే లాయరును. తీర్పులను, దస్తావేజులను తెలుగు చేసే పని కూడా చాలాకాలంగా చేస్తున్నాను. ఆ పనిలో నాకు కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, నిఘంటువును పెద్ద మాటలతో పరీక్షించకూడదు. పెద్ద మాటకు సాధారణంగా ఒకే అర్థం ఉంటుంది, ఏ పుస్తకమైనా దాన్ని సరిగ్గానే చెబుతుంది. రోజూ నోట్లో నలిగే మాటను అడిగి చూడాలి. నేను అడిగినది 'ఈవెంట్'.

ఈ మాటనే ఎంచుకోవడానికి కారణం మా ఆఫీసులోనే దొరికింది. సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లో 35వ సెక్షన్ కోర్టు ఖర్చుల గురించి చెబుతుంది. ఖర్చులు 'ఈవెంట్'ను అనుసరించనక్కర లేదని కోర్టు ఆదేశిస్తే, అందుకు కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని అందులో ఉంది. మా జూనియర్ అమ్మాయి ఒక తీర్పు తెలుగు చేస్తూ, "ఖర్చులు సంఘటనను వెంబడిస్తాయి" అని రాసుకొచ్చింది.

"ఏ సంఘటన అమ్మా?" అని అడిగాను.

"అదే నాకూ అర్థం కాలేదు మేడమ్. కానీ డిక్షనరీలో సంఘటన అనే ఉంది" అంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమె చూసినది ఫోనులోని నిఘంటువు. అది మొదట కనబడే అర్థం చూపించి ఊరుకుంటుంది. మన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుల్లో కూడా ఎక్కువవాటి పద్ధతి ఇలాగే ఉంటుంది: సంఘటన, సంభవం, ఘటన, ఫలితం, పర్యవసానం అని పక్కపక్కన పేర్చి వదిలేస్తాయి. వాటిలో ఏది ఎక్కడ పనికివస్తుందో, అసలు ఒక్క మాటలో ఇన్ని అర్థాలు ఎలా చేరాయో చెప్పవు.

కాంపాక్ట్ ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆ చిక్కు లేదు. మొదటి సంపుటం ఎ నుంచి ఓ వరకు. దీపం ఎడమవైపుకు జరుపుకుని, అద్దాన్ని పుట మీద ఆనించి, నెమ్మదిగా కిందికి జరుపుతూ పోవాలి. మాట పేరు లావు అక్షరాల్లో కనబడుతుంది. దాని పక్కన చదరపు బ్రాకెట్లలో పుట్టుక. ఆ తరవాత అర్థాలు. ఒక్కో అర్థం కింద, అది వాడుకలో కనబడిన వాక్యాలు, ప్రతి వాక్యం ముందూ సంవత్సరం. వాడుక పోయిన అర్థానికి ముందు చిన్న కటారి గుర్తు ఉంటుంది. అద్దం అర అంగుళం పక్కకు జరిగితే ఆ కటారి కనబడదు. అప్పుడు నాలుగు వందల ఏళ్ళ నాడు చచ్చిపోయిన అర్థాన్ని బతికున్నదనుకుని వాడేస్తాం.

'ఈవెంట్' ఉన్న భాగం 1891లో అచ్చయింది. దాన్ని తయారు చేసిన సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. ఈ నిఘంటువు అనగానే అందరూ జేమ్స్ మర్రే పేరే చెబుతారు గానీ, ఇ నుంచి జి వరకు అక్షరాల బరువు మోసినవాడు బ్రాడ్లీ. ఆయన పనితనం ఈ చిన్న మాటలోనే తెలుస్తుంది. లాటిన్‌లో 'వెనిరే' అంటే రావడం. ముందు 'ఎ' చేరి 'ఎవెనిరే' అయితే బయటికి రావడం, ఆపైన జరగడం, ఫలించడం. దాని నుంచి 'ఎవెంటుస్'. అది ఫ్రెంచి మీదుగా పదహారో శతాబ్ది చివరి రోజుల్లో ఇంగ్లీషుకు చేరింది.

అర్థాల్లో ముఖ్యమైనవి మూడు. ఏదైనా జరగడం అనే స్థితి ఒకటి. జరిగిన విషయం ఇంకొకటి. ఒక వ్యవహారం నడిచి నడిచి చివరికి తేలిన ఫలితం మూడోది. మా 35వ సెక్షన్‌లో కూర్చున్నది ఈ మూడోది. షేక్‌స్పియర్ హామ్లెట్ నాలుగో అంకంలో యువరాజు 'ఈవెంట్' గురించి మరీ సూక్ష్మంగా ఆలోచించడమే తన పిరికితనమేమోనని బాధపడేదీ ఈ అర్థంలోనే. చేస్తే ఏమవుతుందో అనే బెంగ అది, ఏదో సంఘటన గురించిన ఆలోచన కాదు. ఈ రోజు మామూలు ఇంగ్లీషు మాటల్లో ఫలితం అనే అర్థం దాదాపు వినబడదు, చట్టాల్లో మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుంది.

మూడు అర్థాలూ మా వృత్తిలో పక్కపక్కనే తిరుగుతూ ఉండటం నాకు తమాషాగా ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 31వ సెక్షన్‌లో ఉదాహరణ చూడండి: బి ఇల్లు కాలిపోతే అతనికి పదివేల రూపాయలు ఇస్తానని ఎ ఒప్పుకుంటాడు. ఇక్కడ 'ఈవెంట్' అంటే ఇల్లు కాలడం, అచ్చమైన సంఘటన. రుణపత్రాల్లో అదే మాట వస్తే అది అప్పు తీర్చకపోవడం అనే స్థితి. దానికి మన దస్తావేజు రాతగాళ్ళు ఏ నిఘంటువూ చూడకుండా "చెల్లించని పక్షంలో" అని ఎప్పుడో రాసిపెట్టారు. అంతకంటే చక్కటి తెలుగు నాకు తట్టలేదు. ఇక ఖర్చుల దగ్గర అది ఫలితం. ఒకే బల్ల మీద మూడు కాగితాలు, ఒకే మాట, మూడు తెలుగులు.

బ్రాడ్లీ లాటిన్ దగ్గర ఆగాడు. ఇంకా లోతుకు వెళ్ళాలంటే అదే సంపుటంలో 'కమ్' అనే మాట దగ్గరకు పోవాలి. ఇంగ్లీషు 'కమ్', లాటిన్ 'వెనిరే', సంస్కృతంలోని 'గమ్' ధాతువు ఒకే మూలం నుంచి వచ్చాయి. ఆ మూలంలోని 'గ్వ' లాంటి ధ్వని లాటిన్‌లో 'వ' అయింది, సంస్కృతంలో 'గ' అయింది, ఇంగ్లీషు వైపు 'క' అయింది. ఇది తెలిశాక నా సాయంత్రమంతా ఆ రెండు పుటల మధ్యే గడిచిపోయింది. 'అడ్వెంట్' అంటే ఆగమనం, ముక్కకు ముక్క. 'కన్వెన్షన్' అంటే కలిసి రావడం, మన సంగమం. 'ఈవెంట్'ను కూడా అలాగే విడదీస్తే నిర్గమనం అవుతుంది. వాడటానికి అదేమీ పనికిరాదు లెండి. నిర్గమనం అంటే మనకు తెలుగు బైబిల్లో రెండో పుస్తకం గుర్తుకొస్తుంది గానీ ప్రీ రిలీజ్ వేడుక కాదు. కానీ 'సంగతి' ఉంది చూశారా, అందులో ఉన్నదీ ఆ 'గమ్' ధాతువే. "ఏమిటి సంగతి?" అని మనం వీధి అరుగు మీద అడిగే మాటకు, రోమన్ల 'ఎవెంటుస్'కు చుట్టరికం ఉందంటే, రెండువేల రూపాయలు అక్కడికక్కడే గిట్టుబాటయ్యాయని నా లెక్క.

మరి అచ్చ తెలుగు మాట సంగతి? 'జరగడం' అనే మాటకు లాటిన్‌తో చుట్టరికం లేదు, ఉండదు కూడా. తెలుగు వేరే కుటుంబం. మద్రాసు కలెక్టరుగా పనిచేసిన ఎల్లిస్ దొర 1816లోనే ఆ విషయం రాశాడు. అయినా ఆలోచన మాత్రం దగ్గరగానే నడిచింది. "కొంచెం జరుగు" అంటే కదలమని, "ఏమి జరిగింది" అంటే ఘటన ఏమిటని. కదలిక నుంచే ఘటన పుట్టింది. ఇంగ్లీషువాళ్ళ 'హ్యాపెన్' ఇలాంటిది కాదు. దాని మూలం పాత నార్స్ భాషలో అదృష్టానికి ఉన్న మాట. 'హ్యాపీ' కూడా దాని తోబుట్టువే. 'ఇన్సిడెంట్', 'యాక్సిడెంట్' అయితే మీద పడేవి, వాటి లాటిన్ ధాతువుకు పడటమని అర్థం. అదృష్టం కొద్దీ జరిగేది, నెత్తిన పడేది, లోపలినుంచి బయటికి వచ్చేది: ఇంగ్లీషులో పర్యాయపదాలని చెప్పే మూడు మాటల వెనక మూడు వేరు వేరు చూపులు ఉన్నాయి.

బయటికి వచ్చేది అనే చూపు రైతులకు బాగా తెలుసు. రోమన్లకు 'బోనుస్ ఎవెంటుస్' అనే దేవుడు ఉండేవాడు. మంచి ఫలితం ఇచ్చే దేవుడని అర్థం. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దిలో వరో అనే పండితుడు వ్యవసాయం మీద రాస్తూ, రైతు మొక్కవలసిన పన్నెండుమంది దేవతల్లో నీటిదేవతను, ఈయనను చివర్న చేర్చాడు. దున్నాం, విత్తాం, నీరు పెట్టాం, ఇక వచ్చేది రావాలి కదా. మనవాళ్ళూ "ఈ ఏడు పంట ఎంత వచ్చింది?" అనే అడుగుతారు. పంట వస్తుంది, ఫలితం వస్తుంది, తీర్పు వస్తుంది. లాటిన్ 'వెనిరే' చేసే పని తెలుగులో 'వచ్చు' చేస్తూనే ఉంది.

దీనికంటే దగ్గరి మాట ఇంకొకటి కూడా ఉంది. విచారణలో తేలింది, లెక్క తేలింది, చివరికి ఏమి తేలింది. నీళ్ళ అడుగున ఉన్నది పైకి వచ్చి కనబడటమే తేలడం. బయటికి వచ్చిన ఫలితమని లాటిన్ చెప్పినదాన్ని తెలుగు నీటి మీద పెట్టి చెబుతోంది. మా అమ్మాయి కాగితం మీద "సంఘటన" కొట్టేసి ఇలా రాశాను: "వ్యాజ్యం ఎటు తేలితే ఖర్చులు అటు." క్లయింటుకు చదివి వినిపిస్తే, ఓడినవాడు గెలిచినవాడి ఖర్చులు పెట్టుకోవాలన్నమాట, అని తానే అన్నాడు. సెక్షన్ సారమంతా అంతే.

'సంఘటన' అనే మాట మీద కూడా నాకు చిన్న పేచీ ఉంది. సం, ఘటన అంటే కలపడం, కూర్చడం. హిందూపురం దాటి కర్ణాటకలో అడుగుపెడితే సంఘటనె అంటే సంస్థ. మరాఠీవాళ్ళకూ అంతే. మనం ఒక్కళ్ళమే దాన్ని రోడ్డు మీద జరిగే గొడవకు కేటాయించాం. పదో తరగతి లెక్కల పుస్తకంలో సంభావ్యత పాఠం రాసినవారు ఈ మాటను పక్కన పెట్టి 'ఘటన' అని తీసుకున్నారు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడటం ఒక ఘటన, ఏమేమి పడవచ్చో అవి పర్యవసానాలు. లాటిన్ మాటలో కలగలిసి ఉన్న రెండు అర్థాలను తెలుగులో రెండు మాటలకు పంచి ఇచ్చారు. మంచి పని.

ఇక లోపాలు. ఇది 1971 నాటి పెట్టె, కానీ లోపలి చదువు 1891 నాటిది. ఈ నాటి తెలుగువాడికి 'ఈవెంట్' అంటే మొదట గుర్తొచ్చేవి ఇందులో లేవు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన కుర్రాడు "ఈవెంట్స్ అయిపోయాయి" అంటే పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ అయ్యాయని. ఆటల పోటీ అనే అర్థం పందొమ్మిదో శతాబ్దిలోనే పుట్టింది కాబట్టి దాని మూలం ఇక్కడ దొరుకుతుంది. కానీ పెళ్ళి పందిరి నుంచి పూలదండల దాకా గుత్తకు తీసుకునే ఈవెంట్ మేనేజరు దొరకడు. నా చిన్నప్పుడు అటువంటి వాటన్నిటినీ 'ఫంక్షన్' అనే మాటే మోసేది. టీకా వేశాక వచ్చే ఇబ్బందికి డాక్టర్లు వాడే అర్థమూ, కృష్ణబిలం చుట్టూ వెలుతురు కూడా తిరిగిరాని హద్దుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరూ దీని తరవాతివే. తరవాత చేరిన మాటల కోసం 1987లో మూడో సంపుటంగా వచ్చిన అనుబంధం వెతుక్కోవాలి. అది విడిగా దొరకడం కష్టం.

'ఈవెంచువల్లీ' అనే మాట దగ్గర కూడా ఈ నిఘంటువుకు హద్దులున్నాయి. ఇంగ్లీషులో అది ఎట్టకేలకు అని. ఫ్రెంచిలో, జర్మనులో దాని కవలలకు అర్థం బహుశా అని. మ్యూనిక్‌లో ఉంటున్న మా చిన్నాన్న కొడుకుతో ఇంటి యజమాని, వచ్చే వారం 'ఎవెంటుఎల్' హీటరు బాగు చేయిస్తానన్నాడట. వీడు ఎట్టకేలకు బాగవుతుందని సంతోషించాడు. వారం గడిచాక ఫోను చేసి, "అక్కా, నీ డిక్షనరీలో ఈ మాట చూసి చెప్పు" అన్నాడు. అందులో ఉన్నది ఇంగ్లీషు చరిత్రే కదా, జర్మను ఇంటి యజమానులతో దానికేమి పని?

ఉచ్చారణ గుర్తులు కూడా ఇప్పుడు అందరూ వాడే పద్ధతిలో ఉండవు. మర్రే సొంతంగా తయారు చేసుకున్న గుర్తులవి, అలవాటు కావడానికి టైము పడుతుంది. పైగా అర్థాలను ఇది వాడుకను బట్టి కాక పుట్టుకను బట్టి వరసపెడుతుంది. తొందరలో చూసుకునే పుస్తకం కాదు. రేపు వాయిదా ఉందంటే దీన్ని తెరవను.

అయినా తేదీల విషయంలో దీనికి సాటి వచ్చేది నా అలమరలో లేదు. మన సూర్యరాయాంధ్ర నిఘంటువు గొప్ప పుస్తకం. మాట కింద పద్యం చూపిస్తుంది, ఏ కావ్యం, ఏ ఆశ్వాసం అని చెబుతుంది. కానీ సంవత్సరం చెప్పదు. ఏ అర్థం ముందు, ఏది వెనక అన్నది మనమే కవుల కాలాలు గుర్తుచేసుకుని తేల్చుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ ఆ శ్రమ తానే పడింది.

డబ్బు పెట్టకుండా పని జరగాలంటే డగ్లస్ హార్పర్ నడిపే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ ఉంది. పుట్టుక, సంవత్సరం, మూల ధాతువు నాలుగు వాక్యాల్లో చెప్పేస్తుంది. నూటికి తొంభైమందికి అది చాలు. వాక్యాలు మాత్రం ఉండవు, అంటే సాక్ష్యం లేకుండా తీర్పు ఇచ్చినట్టు. నా వృత్తికి అది ఒప్పదు. ఆక్స్‌ఫర్డ్ వారి పూర్తి నిఘంటువు ఇంటర్నెట్‌లో చందా కట్టి చూడవచ్చు. అందులో కొత్త అర్థాలన్నీ ఉంటాయి గానీ ఏటేటా కట్టడం నాలాంటి జిల్లా కోర్టు లాయరుకు భారమే.

కొనాలనుకునేవారికి కొన్ని మాటలు. 1991లో రెండో కూర్పును కూడా ఇలాగే కుదించి ఒకే సంపుటంగా వేశారు. అందులో పుటకు తొమ్మిది పుటలు. సరుకు ఎక్కువే, కానీ నలభై దాటిన కళ్ళకు అది శిక్ష. పుటకు నాలుగు ఉన్న 1971 సెట్టే తీసుకోండి. పెట్టె లేకపోయినా పరవాలేదు. రెండు సంపుటాలూ ఒకే సెట్టువో కాదో, ఓ తరవాత పి మొదలవుతోందో లేదో చూసుకోండి. విడి సంపుటాలను జతకట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. అట్ట వెనక దారాలు వదులయ్యాయేమో వేలితో నొక్కి చూడండి. బరువుకు ముందు తెగేది అక్కడే. ఒళ్ళో పెట్టుకుని చదవాలని చూడకండి, బల్ల తప్పనిసరి. వానాకాలంలో పెట్టెలోంచి బయటికి తీసి నిలబెట్టండి. పలచటి కాగితం, చెమ్మ తగిలితే పుటలు అంటుకుంటాయి.

అద్దం లేని సెట్టు చవకగా దొరికితే వదులుకోకండి. గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే అద్దం మాత్రం దీనికి కొనకండి, అందులో ఒకటి రెండు మాటలకు మించి కనబడవు. దీపం అమర్చిన వెడల్పాటి బల్ల భూతద్దాలు కళ్ళజోళ్ళ దుకాణాల్లో దొరుకుతాయి. నేను సొరుగులోది పక్కన పెట్టి ఇప్పుడు దానితోనే చదువుతున్నాను.